వివాదము, సమాధానము: కలహ విసర్జన వాక్యభాగాల పఠనంపై ఒక విమర్శ

సంఘంలో తగాదా తలెత్తినప్పుడు మన కాపరులు ఆశ్రయించే వాక్యభాగాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయం, తీతు 3:9, సామెతలు 17:14, గెరారు లోయలో ఇస్సాకు బావుల వృత్తాంతం, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయం. ఈ భాగాలు వేరు వేరు కాలాల్లో, వేరు వేరు పరిస్థితుల్లో పుట్టినవి. అయినా మన ప్రసంగ వేదికల మీద వీటన్నిటి నుంచి వచ్చే సందేశం ఒక్కటే: విశ్వాసి వాదించకూడదు, తగ్గిపోవాలి, సాక్ష్యం చెడగొట్టుకోకూడదు.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ ప్రసంగానికి ఉన్న బరువు వేరు. కాలువ తూము దగ్గర జారిన ఒక మాట తగాదా అవుతుంది, తగాదా కక్ష అవుతుంది, కక్ష తండ్రి నుంచి కొడుకుకు ఆస్తిలా సంక్రమిస్తుంది. ఊరు రెండు పార్టీలుగా చీలినప్పుడు పాలెంలోని విశ్వాసుల కుటుంబాలు కూడా ఏదో ఒక పార్టీ నీడలోకి పోక తప్పని పరిస్థితులు ఈ నేల చాలా చూసింది. అలాంటి చోట నోరు అదుపులో పెట్టుకోమని చెప్పే కాపరి పిరికితనంతో చెప్పడం లేదు. అతడు ప్రాణాలు కాపాడుతున్నాడు. ఈ సంగతిని మరచి బల్ల ముందు కూర్చుని చేసే విమర్శకు విలువ లేదని మేము మొదటే ఒప్పుకుంటున్నాము.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. తగ్గమని ఎవరికి చెబుతున్నాము? సాధారణంగా తగ్గి ఉన్నవానికే. పొలం గట్టు జరిపినవానికి కాదు, గట్టు జరిగిందని అడిగినవానికి. సంఘం లెక్కలు చూపనివానికి కాదు, చూపమన్నవానికి. ప్రసంగంలో కలహము అనే మాట వినబడగానే అందరి చూపులూ అడిగినవాని మీదికే పోతాయి. ఈ అలవాటుకు మన లేఖన పఠనంలో ఏ ఆధారం ఉన్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల సంగతి

మొదట మన తెలుగు బైబిలులోని మాటలను చూద్దాము. తీతు 3:9లో ధర్మశాస్త్రము గూర్చిన వేటికి దూరంగా ఉండాలో చెప్పేచోట మన పాత అనువాదం వాడిన పదం 'వివాదము'. గ్రీకులో అక్కడ ఉన్నది 'మఖాస్', అంటే పోరాటాలు, కొట్లాటలు. సామెతలు 17:14లో విడిచిపెట్టమన్నది కూడా 'వివాదము'నే. అక్కడి హెబ్రీ పదం 'రీబ్', ఎక్కువగా గుమ్మం దగ్గర పెద్దల ముందు నడిచే వ్యాజ్యం. ఇక యెషయా 1:18 తీయండి. దేవుడు తన జనాన్ని పిలిచి వారితో తీర్చుకొందామన్నది ఏమిటి? అది కూడా 'వివాదము'నే. కాని అక్కడి హెబ్రీ మాట 'యాకహ్' అనే ధాతువు నుంచి వచ్చినది. ఎదురెదురుగా కూర్చుని, ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో మాటలతో తేల్చుకొనడం దాని భావం.

ఈ విధంగా పౌలు తీతును మానుకొమ్మన్నదీ, దేవుడు యెరూషలేమును రమ్మని పిలిచినదీ తెలుగు శ్రోత చెవికి ఒకే మాటగా వినబడుతున్నాయి. ఆ ఒక్క మాటను పట్టుకుని ప్రసంగిస్తే దేవుడు చేసే పనినే పాపమని చెప్పే ప్రమాదం ఉంది. అనువాదకులను నిందించడం మా ఉద్దేశం కాదు. ఒక్కొక్క చోట వారు ఎన్నుకున్న మాట ఆ చోటికి సరిపోయినదే. వచనాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మాట కలిసింది గనుక భావమూ కలిసిందనుకునే పద్ధతితోనే మా పేచీ.

ఆ 'యాకహ్' ధాతువును ఇంకా కొంచెం వెంబడిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. లేవీయకాండము 19:17లో సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోకుండా ఉండే మార్గం ఏమిటి? మన అనువాదంలో 'గద్దించుట'. ఆదికాండము 21:25లో తన బావిని బలవంతంగా లాగుకున్న సంగతి గురించి అబ్రాహాము అబీమెలెకుతో చేసినది ఏమిటి? మన అనువాదంలో 'ఆక్షేపించుట'. ఈ మూడు చోట్లా హెబ్రీలో ఒకే ధాతువు. తెలుగులో మూడు వేర్వేరు మాటలు కావడం వల్ల మనకు ఆ బంధుత్వం కనబడలేదు. లేవీయకాండం చెప్పే క్రమం గమనించదగినది: ముఖం మీద అడగడం పగకు ప్రారంభం కాదు, పగకు విరుగుడు. అడగకుండా మింగినదే లోపల పగగా మారుతుంది. కక్షలు ఎలా పెరుగుతాయో తెలిసిన మన ప్రాంతపు సంఘాలకు ఇంతకంటే దగ్గరి వచనం మరొకటి లేదు. అయినా తగాదాల సందర్భంలో దీని మీద ప్రసంగం వినడం అరుదు.

తిమోతి పత్రిక విషయం కూడా ఇటువంటిదే. 2:14లో వద్దన్నది 'లోగొమఖేయిన్', మాటల కోసం మాటలతో కొట్లాడటం. 2:24లో ప్రభువు దాసుడు చేయకూడనిది 'మఖెస్థాయ్', అదే కొట్లాట. కాని ఆ వెంటనే వచ్చే వచనంలో ఎదురాడేవారికి సాత్వికంతో బోధించి దిద్దమనే ఆజ్ఞ ఉంది. ఎదురాడేవాడు లేకుండా దిద్దడం ఎలా సాధ్యం? వాదించేవారి మధ్య కాపరి నిలబడతాడనే పౌలు అనుకున్నాడు. పారిపొమ్మని చెప్పలేదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో థెస్సలొనీక సమాజమందిరంలోనూ, ఏథెన్సు సంతవీధిలోనూ పౌలు చేసినదానికి మన అనువాదం వాడిన మాట 'తర్కించుట'. ఆ పౌలే ఈ పౌలు.

మత్తయి 12:19ను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. యెషయా చెప్పిన సేవకుడు జగడమాడడు, కేకలు వేయడు అనే మాట యేసుకు అన్వయించబడిన చోటు అది. అదే అధ్యాయంలో ఆ మాటకు ముందు విశ్రాంతిదినం గురించి రెండు వాదాలు ఉన్నాయి. తరువాత బయెల్జెబూలు గురించి దీర్ఘమైన వాదం ఉంది. సువార్తికుడు ఈ వచనాన్ని రెండు వాదాల నడుమ పెట్టాడంటే, వాదమూ జగడమూ ఒకటి కాదని అతనికి తెలుసునన్నమాట. ఎండిన చేతిగల మనుష్యుని కోసం ఆయన వాదించాడు. తనను చంపుటకు ఆలోచన చేస్తున్నారని తెలిసి అక్కడ నుంచి తొలగిపోయాడు. తొలగిపోయింది ముందు కాదు, స్వస్థపరచిన తరువాత.

చెరువు గట్టు

సామెతలు 17:14కు తిరిగి వద్దాము. హెబ్రీలో ఉన్నది నీటిని వదలివేయడం అనే చిత్రం మాత్రమే. గట్టు, ఊట అనేవి మన అనువాదకులు చేర్చిన మాటలు. మెట్టనేలలో చెరువుల కింద బతికే వారికి ఆ చిత్రాన్ని ఇంతకంటే బాగా చెప్పడం సాధ్యం కాదనే మా అభిప్రాయం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. గట్టు నుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మరొకటి. ఈ రెండవదాన్ని చదివినప్పుడు నవ్వు రాక మానదు, ఆరువందల ఏళ్ల క్రితమే ఈ నేలకు సరిహద్దు నీళ్ల సంగతి తెలుసు!

గట్టుకు ఊట కనబడితే రైతు ఏం చేస్తాడు? చూడనట్టు ఇంటికి పోడు. ఊట బుంగ అవుతుందనీ, బుంగ గండి అవుతుందనీ అతనికి తెలుసు. అర్ధరాత్రి అయినా పదిమందిని లేపుకుని మన్నూ కంపా మోసుకుపోతాడు. సామెత చెప్పేది సమయాన్ని గురించి: వ్యాజ్యం పగిలి బయటపడక ముందే దానిని విడువు అని. ఊట లేనేలేదని చెప్పమనలేదు. మన సంఘాల్లో ఎక్కువగా జరిగేది ఆ చివరిదే. కమిటీలో ఒకరు లెక్క అడిగినప్పుడు, ఒక కుటుంబం సమాధుల స్థలం గురించి మొర పెట్టినప్పుడు, 'ప్రార్థన చేద్దాం' అని ముగిస్తాము. గండి పడిన తరువాత సివిల్ కోర్టులో తేలుతాము. అప్పుడు కొరింథీయుల పత్రిక ఆరవ అధ్యాయం తీసి అవిశ్వాసుల ఎదుటికి పోయారని గద్దిస్తాము. ఆ అధ్యాయంలో కూడా ఏడవ వచనం దగ్గరే ఆగుతాము, అన్యాయము ఎందుకు సహింపరాదు అనే ప్రశ్న దగ్గర. ఐదవ వచనంలో సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సిగ్గుపరచినది సంఘాన్ని. ఎనిమిదవ వచనంలో ఆయన వేలెత్తి చూపినది అన్యాయం చేసి అపహరించేవారిని. ముందూ వెనుకా వదిలేసి నడిమి వచనాన్ని మాత్రం నష్టపోయినవానికి వినిపించడం న్యాయమైన పఠనం కాదు.

ఇస్సాకు ఏమన్నాడు?

మన ప్రాంతంలో ఎక్కువగా ప్రసంగించబడే కథ ఆదికాండము 26. నీళ్లే జీవనమైన చోట అది సహజం. ఫిలిష్తీయులు బావులు మన్ను వేసి పూడ్చారు. ఏశెకు దగ్గర జగడమాడారు, ఇస్సాకు ముందుకు పోయాడు. శిత్నా దగ్గర జగడమాడారు, మళ్లీ ముందుకు పోయాడు. రహెబోతు దగ్గర ఎడము దొరికింది. తగ్గినవానికి దేవుడు స్థలమిచ్చాడు అనే ముగింపుతో ప్రసంగం అయిపోతుంది.

ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది ఇస్సాకు ఎవరు అనేది. ఆ అధ్యాయం ప్రకారం అతడు నూరంతల పంట కోసినవాడు, గొఱ్ఱెలు, పశువులు, దాసులు బహుగా ఉన్నవాడు. ఒక బావి పోతే మరొకటి తవ్వించగలవాడు. ఒకటిన్నర ఎకరం మెట్ట, దాని మీద అప్పు చేసి వేసిన ఒక్క బోరు ఉన్నవానికి ముందుకు పోవడానికి గెరారు లోయ ఎక్కడ ఉన్నది? పక్క పొలంలో ఇంకొకరు మరింత లోతుగా బోరు దింపితే అతని బోరు ఎండిపోతుంది. బావుల మధ్య దూరాన్ని గురించి 2002లో రాష్ట్రం నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం అతడు అధికారుల దగ్గరకు పోయి అడిగితే అది జగడం కిందికి వస్తుందా? బలవంతుడు తగ్గడం దాతృత్వం. బలహీనుడు తగ్గడం చాలాసార్లు తప్పనిసరి మాత్రమే. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఒకే బహుమానం వాగ్దానం చేయకూడదు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. కథ రహెబోతు దగ్గర ముగియదు. అబీమెలెకు తన స్నేహితుని, సేనాధిపతిని వెంటబెట్టుకుని ఇస్సాకు దగ్గరకు వస్తాడు. అప్పుడు ఇస్సాకు చిరునవ్వుతో ఆహ్వానించి ఊరుకోలేదు. నన్ను ద్వేషించి పంపివేసినవారు ఇప్పుడు ఎందుకు వచ్చారని మొగమోటం లేకుండా అడిగాడు (26:27). వారి జవాబు వినండి: మేము నీకు మేలు తప్ప ఏమీ చేయలేదంటారు! పూడ్చిన బావుల ఊసే లేదు. మన ఊళ్లలో పంచాయితీ చూసినవారికి ఈ జవాబు కొత్త కాదు. అయినా ఇస్సాకు విందు చేశాడు, తెల్లవారి ప్రమాణాలు జరిగాయి. ముందు అడగడం, తరువాత భోజనం, తరువాత ప్రమాణం. తన గాయం పేరు చెప్పకుండా అతడు విస్తరి వేయలేదు. ఇరవైఏడవ వచనాన్ని తీసివేస్తే ఇస్సాకు మంచివాడుగా మిగులుతాడు గాని సంధి చేసినవాడుగా మిగలడు.

నంద్యాల ఇరవైఎనిమిదేళ్లు

లేఖన పఠనం ఒక ఎత్తు, సంఘ చరిత్ర మరొక ఎత్తు. వాదం నుంచి తప్పుకోవడం, వాదాన్ని ఎదుర్కోవడం అనే రెండింటినీ పెద్ద ఎత్తున చూసిన చోటు మన నంద్యాల. సంఘ చరిత్ర పుస్తకాల్లో దీనికి తరచు దొరికేది ఒకటి రెండు వాక్యాలే.

పందొమ్మిదవ శతాబ్దపు మిషనులు తమలో తాము వాదులాడుకోకుండా ఉండటానికి ఒక ఉపాయం కనిపెట్టాయి: ప్రాంతాలను పంచుకోవడం. కడప, జమ్మలమడుగు వైపు లండను మిషను. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు ఆంగ్లికనులైన ఎస్.పి.జి. మిషను. కర్నూలు పట్టణంలో అమెరికను బాప్టిస్టులు. గీతలు గీసిన తరువాత వాదాలు తగ్గిన మాట నిజమే. కాని పక్క పక్క తాలూకాల విశ్వాసులు వేరు వేరు ఆరాధన క్రమాలతో, వేరు వేరు మిషను దొరల కింద, ఒకరికొకరు కొత్తవారిగా పెరిగారు. వాదం తీరలేదు, తరువాతి తరాలకు వాయిదా పడింది.

1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన సేవకులు ఆ వాయిదాను ముగించాలని తలపెట్టారు. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషపు వేదనాయకం శామ్యేల్ అజరయ్య. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికను బిషపు. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలు ఆయన అధ్యక్ష ఖండంలోనివే. బిషపుల చేతులనుండి అభిషేకం పొందని సేవకులను ఐక్య సంఘంలో ఎలా అంగీకరించాలి అనేదే ప్రధాన ప్రశ్న. ఇరవైఎనిమిదేళ్లు దీని మీద చర్చించారు. అజరయ్య 1945 జనవరి 1న మరణించారు. అదే నెలలో ఆంగ్లికను జనరల్ కౌన్సిలు ఐక్యతకు అనుమతినిచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. లండను మిషను నేపథ్యంగల కడప ప్రాంత సంఘాలు చేరాయి. నంద్యాల ఆంగ్లికనులలో అధిక భాగం చేరలేదు. వారు కలకత్తా మెట్రోపాలిటను కింద పాత సంఘంలోనే ఉండిపోయారు. అజరయ్య సొంత మందలోనే ఆయన కల ఆగిపోయింది.

దీన్ని రెండు విధాలుగా చెబుతారు. కొందరికి ఇది మొండితనం. కొందరికి ఇది విశ్వాస నిష్ఠ. మాకు ఈ రెండు మాటలూ చాలినట్టు తోచవు. అభిషేకాన్ని గురించిన ప్రశ్న చిన్నది కాదు. పత్రికల్లో అది వేదాంత సమస్య. ఊళ్లోకి వచ్చేసరికి రేపు మన పిల్లలకు జ్ఞానస్నానమిచ్చేది ఎవరు, బల్ల దగ్గర నిలబడేది ఎవరు అనే ప్రశ్నగా మారుతుంది. దానిని అడిగినవారిని కలహప్రియులనడం అన్యాయం. మరోవైపు, ఈ వాదం మొత్తం వారిది కూడా కాదు. ఇంగ్లండులో కవి టి. ఎస్. ఎలియట్ 1943లోనే ఈ పథకాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. 1948 లాంబెత్ సమావేశం కొత్త సంఘపు అభిషేకాల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఎస్.పి.జి. ఐక్య సంఘంలో చేరినవారికిచ్చే సహాయాన్ని తన సాధారణ నిధి నుంచి కాక వేరే ఖాతా నుంచి ఇవ్వడానికి నిశ్చయించుకున్నది. బడి, ఉపదేశి జీతం, ఆసుపత్రి అన్నీ మిషను మీద ఆధారపడిన పల్లెలకు ఆ వార్త ఎలా వినబడి ఉంటుందో ఊహించవచ్చు. వాదించినవారు అక్కడ, చీలినవారు ఇక్కడ. ఇది మా తీర్పు, మరొకరు వేరుగా తూచవచ్చు.

ఐక్య సంఘ రాజ్యాంగంలో ఈ వాదాన్ని ఎలా పట్టుకున్నారో కాపరులు గమనించాలి. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి సరిపడని సేవకుని రుద్దబోమని ఒక ప్రతిజ్ఞ చేశారు. ముప్పై సంవత్సరాలు రెండు రకాల అభిషేకాలనూ పక్కపక్కన సాగనిచ్చి, ఆ తరువాత నిర్ణయించుకొందామన్నారు. ఇది వాదాన్ని దాచడం కాదు. వాదం ఉన్నదని రాతపూర్వకంగా ఒప్పుకుని, దానికి గడువు పెట్టడం. మన కమిటీ మినిట్సు పుస్తకాల్లో అంగీకరించనివారి మాట ఎన్నిసార్లు రాసి ఉంటుంది? అందరూ ఏకగ్రీవంగా అని రాయడమే మనకు అలవాటు.

1950లో ఐక్య సంఘంవారు అనంతపురం-కర్నూలు, కడప ఖండాలను కలిపి రాయలసీమ అధ్యక్ష ఖండంగా చేశారు. హోస్పేట సుమిత్ర దానికి బిషపు. అలా ఒకే సీమలో రెండు పరిపాలనలు చాలా కాలం నడిచాయి. 1963లో నంద్యాల సొంత అధ్యక్ష ఖండమైంది. 1970 నవంబరు 29న ఉత్తర ఇండియా సంఘం ఏర్పడటంతో పాత ఆంగ్లికను ప్రాంతీయ సంఘం ముగిసింది. 1975లో నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. రాజ్యాంగంలోని ముప్పై ఏళ్ల గడువుకు అప్పటికి ఇంకా రెండేళ్లు ఉన్నది. తరంగంబాడి నుంచి మద్రాసు వరకు ఇరవైఎనిమిదేళ్లు, మద్రాసు నుంచి నంద్యాల వరకు మరో ఇరవైఎనిమిదేళ్లు.

అబ్రాము లోతు విడిపోయినట్టు వీరు విడిపోయారని చెప్పవచ్చును. కాని లోతు తిరిగి రాలేదు, వీరు వచ్చారు. పౌలు బర్నబాల మధ్య కలిగినదానికి లూకా వాడిన మాట 'పరొక్సుస్మొస్', మన అనువాదంలో తీవ్రమైన వాదము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10:24లో ప్రేమ చూపుటకు, సత్కార్యాలు చేయుటకు ఒకరినొకరు పురికొల్పుకొనడానికి కూడా అదే మాట. విడిపోయినవారు ఆ మాటను ఏ అర్థంలో బతికారనేది ముత్యాలపాడు, కలసపాడు పల్లెల్లో పెద్దలను అడిగి రాసుకోవలసిన విషయం. 1975 నాటి సంగతులు ఎరిగినవారు ఇంకా ఉన్నారు. వేదాంత కళాశాలల విద్యార్థులు క్షేత్రసేవకు వెళ్లినప్పుడు ఈ పని చేయవచ్చు, ఆలస్యం మాత్రం తగదు.

బయటివారితో

సంఘం బయటివారితో వాదం సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాము. కడప, కర్నూలు, నంద్యాల పట్టణాల్లో మన ఇరుగు పొరుగులలో ముస్లిములు ఎక్కువ. మతాల మధ్య బహిరంగ వాదప్రతివాదాల మీద కొందరు యువ సేవకులకు మక్కువ ఉన్నది. దీనికి ఆధారంగా వారు చూపేది 1 పేతురు 3:15. అక్కడ గ్రీకు మాట 'అపొలొగియా'. న్యాయస్థానంలో నిందితుడు తన పక్షాన ఇచ్చే జవాబు అది. అడిగినవానికి ఇచ్చేదే గాని అడగనివాని మీద విసిరేది కాదు. ఆ పత్రికను అందుకున్నవారు పరవాసులు, బలంలేనివారు. మైకు పట్టుకుని సవాలు చేసే పరిస్థితి వారిది కాదు. సాత్వికముతోను భయముతోను అనే షరతు కూడా ఆ జవాబుకు అంటిపెట్టుకునే ఉన్నది.

అపొలొగియాను మన అనువాదకులు 'సమాధానము' అన్నారు. పౌలు తన పత్రికల మొదట కృపతో జతచేసి పలికే 'ఐరేనే'ను కూడా 'సమాధానము' అనే అన్నారు. వివాదము అనే మాట రెండు వేరు సంగతులను కలిపివేసి మనకు చిక్కు తెచ్చిపెట్టినట్టే, ఇక్కడ కూడా రెండు వేరు సంగతులు ఒకే మాటలో ఇమిడిపోయాయి. కాని ఈసారి తెలుగు మనకు నష్టం చేయలేదు. పక్కింటివాడు మీ ప్రవక్త ఎవరని అడిగినప్పుడు మనం ఇచ్చేది ఏ సమాధానమని ఒక తెలుగు క్రైస్తవుడు తనను తాను ప్రశ్నించుకోగలడు. ఇంగ్లీషులో చదివేవానికి ఆ ప్రశ్న ఎదురు కాదు. ప్రసంగశాస్త్రం బోధించేవారు ఈ రెండు వచనాలను ఒకే తరగతిలో పెట్టి చదివిస్తే విద్యార్థులు ఏమంటారో వినాలని ఉన్నది.